పాలు కక్కు పసిబిడ్డ
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



గ్రంథాలయ రజతోత్సవమునాడు కావ్యమును గూర్చియో ధర్మమును గూర్చియో ప్రసంగించుట వాడుక. పసిబిడ్డ పాలు కక్కుటను గూర్చి ఉపన్యాసమా యని కొందరికి నవ్వు రావచ్చును. కాని చదివిన చదువు ఫలము ఇంటిలో కనబడవలెను గదా! తొలిచూలు బిడ్డతోపాటు ఇంటిలో తొలిభయమును ప్రవేశించును. త్రాగిన పాలు గుక్కెడు భుజముమీద కక్కగానే పడుచుతల్లి ముఖము వెలవెలబోవును. అత్తగారు దిష్టి తగిలినదనును. పొరుగమ్మ తల్లిపాలు పడలేదనును. మరియొకరు బాలింత నోటి కారమే బిడ్డ కడుపులో చేరినదందురు. ఇంతలో మందుల కొట్టునుండి ఒక సీసా వచ్చును. ఇందరి మాటల నడుమ బిడ్డను నిదానముగ చూచువారు మాత్రము లేకపోవుదురు.

ఇందువలన రెండు కీడులు కలుగుచున్నవి. రోగము కానిదానికి మందు పోయుట మొదటిది. నిజమైన రోగమును మామూలే యని ఉపేక్షించుట రెండవది. ఈ రెంటి నడుమ గీత ఎచ్చట గీయవలెనో తెలిసికొనుటయే నేటి ప్రసంగ విషయము.

తెలుగు మాటలలోనే ఆ గీత కొంత కలదు. బిడ్డ నవ్వుచు ఆడుచు పెదవి కొసనుండి పాలు జార్చుట కక్కుట. కడుపు బిగిసి, ముఖము కందిపోయి, లోనున్నది బలముగ బయటికి వచ్చుట వాంతి. మొదటిదానియందు బిడ్డకు ప్రయాస లేదు. తల్లి చీర తడియును గాని బిడ్డ చిరునవ్వు చెదరదు.

కక్కుటకు కారణము శరీర నిర్మాణమే. గొంతునుండి కడుపునకు పోవు అన్నవాహిక పెద్దవారిలో ఇంచుమించు 25 సెంటీమీటర్ల పొడవుండును. అప్పుడే పుట్టిన బిడ్డలో 8 మొదలు 10 సెంటీమీటర్లు మాత్రమే. ఆ గొట్టము కడుపును చేరుచోట ఒక కండరపు కట్టు కలదు. ఆహారము దిగునప్పుడు తెరచుకొని, దిగిన పిదప మూసికొనుట దాని పని. అది చెరువు తూమునకు తలుపు వంటిది. పసిబిడ్డలో ఆ తలుపు ఇంకను కుదురుకొనక మాటిమాటికి సడలుచుండును. లోపల నున్నవి పాలే గాని అన్నము గాదు. బిడ్డయో దినమంతయు పరుండియే యుండును. తలుపు సడలి, నిండిన చెరువు ప్రక్కకు ఒరిగినచో నీరు వెలికి రాక మానునా?

కావుననే ఈ కక్కుట లోకమంతట నున్నది. 1997లో అమెరికా దేశమున చికాగో ప్రాంతమునందు 948 మంది శిశువుల తల్లిదండ్రులను విచారించి ప్రకటించిన లెక్క యొకటి కలదు. మూడు మాసములలోపు బిడ్డలలో నూటికి 50 మంది దినమున కొక్కసారియైనను పాలు కక్కుచుండిరి. నాలుగవ మాసమున ఆ సంఖ్య నూటికి 67కు పెరిగినది. పది మొదలు పండ్రెండు మాసముల వయసునకు నూటికి 5కు దిగినది. మందువలన గాదు, వయసువలననే దిగినది. బిడ్డ కూర్చుండ నేర్చును, అన్నము తిన నేర్చును, లోపలి తలుపు గట్టిపడును. సుశ్రుతాచార్యుడు ఏడాది వరకు బిడ్డను క్షీరపుడనియు, రెండవ ఏట క్షీరాన్నాదుడనియు, అటుపిమ్మట అన్నాదుడనియు విభజించెను. పాలు మాత్రమే త్రాగువాని లక్షణమైన ఈ కక్కు, వాడు అన్నము దిక్కునకు తిరుగు నాటికి వానిని విడిచిపోవుచున్నది.

అట్లైనచో ఏ బిడ్డను చూచి ధైర్యము వహింపవలెను? ఏ బిడ్డను చూచి జాగ్రత్తపడవలెను? పల్లెలో జమాఖర్చు తెలియని వారుండరు. ప్రత్తి యమ్మిన సొమ్ము జమ, ఎరువుల బాకీ ఖర్చు, మిగిలినది నిలువ. ఖర్చుపద్దులు మాత్రమే చదివి ఆసామి దివాలా తీసెనని ఎవడును తీర్పు చెప్పడు. బిడ్డ లెక్కయు నట్టిదే. త్రాగిన పాలు జమ. కక్కిన పాలు ఖర్చు. ఒంటి బరువు నిలువ. తల్లులు ఖర్చును చూచి బెదరుచున్నారు. చూడవలసినది నిలువను.

ఆ ఖర్చు సైతము కంటికి కనబడునంత పెద్దది కాదు. ఒక చెంచాడు పాలు పాత పంచెగుడ్డపై పోసి చూడుడు. ఆ తడి ఎంత మేర వ్యాపించునో చూచిన పిమ్మట, బిడ్డ కక్కిన మరకను దానితో పోల్చుడు. త్రాగినదంతయు పోయినదని ఏడ్చిన తల్లికి పోయినది ఒకటి రెండు చెంచాలే యని తేలుట కలదు.

ఇక నిలువ సంగతి. పుట్టిన మొదటి దినములలో బరువు నూటికి 5 మొదలు 10 వంతుల వరకు తగ్గుట సహజము. ఇంచుమించు రెండు వారములలో బిడ్డ పుట్టిననాటి బరువును తిరిగి చేరుకొనును. అటుపిమ్మట మూడు మాసములు నిండువరకు దినమునకు సుమారు 20 మొదలు 30 గ్రాముల చొప్పున పెరుగును. అయిదవ మాసమునకు పుట్టుబరువు రెట్టింపు, ఏడాదికి మూడురెట్లు అగును. మొదటి వారము గడచిన పిదప రాత్రింబగళ్లలో ఆరుసార్లకు తక్కువ గాకుండ మూత్రము పోయవలెను. తడిగుడ్డలు ఎంచుటకు చదువక్కరలేదు. బరువు తూచుటకు అంగన్‌వాడీ కేంద్రమున త్రాసు కలదు. తూచిన బరువు వ్రాయుటకు తల్లీబిడ్డల కార్డుపై పెరుగుదల పట్టిక కలదు. ఆ గీత పైకి పోవుచుండగా దినమునకు ఆరుసార్లు కక్కినను ఆ బిడ్డ ధనవంతుడే.

ఖర్చు తగ్గించు మార్గములు లేవా యనిన, కలవు. వానిని తెలిసికొనుటకు ఈ ప్రాంతపు తల్లి దినచర్యను చూడవలెను. గుంటూరు, ప్రకాశము మండలముల నల్లరేగడి పొలములలో ప్రత్తితీతలు, మిరపకోతలు స్త్రీల చేతులమీదనే సాగును. కోతల దినములలో తల్లి వేకువనే బిడ్డకు పాలిచ్చి పొలము పోవును. బిడ్డ ఇంట ముసలమ్మ ఒడిలో నుండును. లేదా గట్టుమీది వేపచెట్టునకు కట్టిన చీర ఊయలలో నుండును. మధ్యాహ్నమునకు తల్లి చన్నులు నిండి రాయివలె బిగియును. బిడ్డ ఆకలితో సొమ్మసిల్లును. మేస్త్రీ కేక వేయునను తొందరలో ఆమె బిడ్డను చన్నుకు కరపించును. చేపు ఉరవడికి బిడ్డ ఉక్కిరిబిక్కిరియై, గుటక వెంట గుటక గాలితో సహా మ్రింగును. మ్రింగిన వెంటనే ఊయలలో వేయుదురు. గుడ్డ ఊయలలో బిడ్డ విల్లువలె వంగి, మోకాళ్లు కడుపును నొక్కును. పాలన్నియు పైకి వచ్చును. ఇంటికి పోయి బిడ్డకు గాలి తగిలినదందురు!

ఈ సంగతి ప్రాచీనులకు తెలియనిది కాదు. సుశ్రుతసంహిత శారీరస్థానము పదవ అధ్యాయమున ఒక ముఖ్యమైన మాట కలదు. మిక్కిలి నిండి బిగిసియున్న చన్నును, ముందుగా కొంత పాలు పిండివేయక కుడిపినచో, ఆ వేగమునకు శిశువునకు దగ్గు, ఒగర్పు, వాంతి కలుగునని దాని భావము. నేటి వైద్యులు చెప్పునదియు నిదే. ముందు కొంచెము పాలు పిండి, మొదటి ఉరవడి తగ్గిన పిమ్మట బిడ్డను చేర్చవలెను. తల్లి కొంచెము వెనుకకు వాలి కూర్చుండి, బిడ్డ తల కడుపుకంటె ఎత్తుగ నుండునట్లు పట్టవలెను. ఆకలి ముదిరి ఏడ్పు పెరుగకముందే పాలిచ్చుట మేలు. ఒక్కసారి కడుపు పట్టనంత ఇచ్చుటకంటె తక్కువ తక్కువగ ఎక్కువ మారులు ఇచ్చుట మేలు.

పొయ్యిమీది పాలు పొంగుచున్నవని బిడ్డను చన్ను విడిపించి యశోద పరుగెత్తిన కథ భాగవతమున అందరును విన్నదే. ఆకలి తీరని కృష్ణుడు కుండ పగులగొట్టెను. పల్లెయింటి బిడ్డ కుండ పగులగొట్టలేడు. వాడు ఏడ్చును, ఏడ్చుచు గాలి మ్రింగును, గాలితోపాటు పాలు కక్కును. కావున కోతకు వచ్చిన బాలింతకు పూటకు రెండుసార్లు నిదానముగ పాలిచ్చుకొను వ్యవధి కల్పించుట ఆసామి ధర్మము. ఆ అరగంట కూలిలో కోయకుండుట అంతకు మించిన ధర్మము.

చేతుల మాటయు చెప్పవలెను. మిరప ఘాటు ఉత్త నీటికి వదలదు. ముందు నూనె రాచి, పిమ్మట సబ్బుతో కడిగిన వదలును. పురుగుమందు చల్లిన చేలో పనిచేసిన తల్లి చేతులు కడిగికొని, రవిక మార్చుకొన్న పిదపనే బిడ్డను తాకవలెను.

పాలు త్రాగిన బిడ్డను ఇరువది ముప్పది నిమిషములు భుజముపై నిలువుగ ఎత్తుకొనుట అన్నిటికంటె సులభమైన చికిత్స. త్రేన్పు దానంతట అదే వచ్చిన మంచిది. రాలేదని వీపుపై దబదబ చరచుట పనికిరాదు. చండీగఢ్ నగరమున 71 మంది తల్లీబిడ్డలను పరీక్షించి 2015లో ప్రకటించిన పరిశోధనలో, పనిగట్టుకొని త్రేన్పించుటవలన కడుపునొప్పి ఏడ్పు తగ్గలేదు. కక్కుట కొంత హెచ్చినది. ఎత్తుకొనుట వేరు, చరచుట వేరు.

కాళ్లు చాపి బిడ్డను వానిపై వేసికొని నూనె రాచి నీళ్లు పోయుట ఈ నేలలో పెద్దమ్మల విద్య. విద్య మంచిదే గాని వేళ ముఖ్యము. పాలు త్రాగిన బిడ్డను బోరగిల వేసి కడుపు నొక్కినచో కక్కక యేమి చేయును? స్నానము ముందు, పాలు పిమ్మట. సాంబ్రాణి పొగ, చుట్టపొగ, మిరపకాయలు వేచిన ఘాటు బిడ్డ దరికి రాకూడదు. పొగాకు పొగ బిడ్డ ఊపిరితిత్తులకు కీడు చేయుటయే గాక ఈ కక్కును సైతము హెచ్చించును. మనుమని ఎత్తుకొన గోరు తాత చుట్ట పారవేయుటయే గాక, నోరు కడిగి, ఉత్తరీయము మార్చి రావలెను.

పరుండబెట్టు విధమున ఒక ప్రాణసూత్రము కలదు. కక్కు బిడ్డను వెల్లకిల పరుండబెట్టిన పాలు ఊపిరికి అడ్డుపడునని అనేకులు భయపడుదురు. పాశ్చాత్య వైద్యులు సైతము ఒక కాలమున బోరగిల పరుండబెట్టుడని బోధించిరి. పిమ్మట నిద్రలో ఆకస్మికముగ మరణించిన శిశువుల లెక్కలు చూచి ఆ మాటను వెనుకకు తీసికొనిరి. వెల్లకిల పరుండబెట్టుడను ప్రచారము 1991లో ఇంగ్లండునందును, 1994లో అమెరికాయందును మొదలయ్యెను. అటుపిమ్మట అట్టి మరణములు సగమునకు పైగా తగ్గినవి. వెల్లకిల నున్నప్పుడు గాలిగొట్టము పైన, అన్నవాహిక క్రింద ఉండును. కక్కిన పాలు పైకెక్కి గాలిగొట్టమున పడుట కష్టము. కావున పాలు కక్కు బిడ్డయైనను సమముగ, గట్టిగ నుండు పక్కమీద వెల్లకిలనే నిద్రింపవలెను. తలక్రింద దిండ్లు పేర్చరాదు. ఊయల మెలకువ వేళ ఎదుట మనిషి యుండగా ఆడించుటకు మాత్రమే.

ఇక నిందల మాట. మిరప పండు సీమలో మొదటి నింద కారముమీదనే పడును. గోంగూర పచ్చడి తిన్నందుననే బిడ్డ కక్కెనని బాలింత కంచమునుండి ఒక్కొక్కటే తీసివేయుదురు. కడకు ఆమెకు మిగులునది చారు నీళ్లు. తల్లి తిన్న కారము బిడ్డ పాలు కక్కుటకు హేతువని రుజువు లేదు. కారము కారణము కాదు! పాలిచ్చు తల్లికి పప్పు, కూర, గ్రుడ్డు, పెరుగు నిండుగ పెట్టవలెను. పథ్యము పేరిట ఆమె కడుపు మాడ్చిన నష్టపోవునది ఇంటి సంతానమే.

బిడ్డ కక్కుచున్నదని తల్లిపాలు మాన్పి గేదెపాలకో డబ్బాపాలకో దిగుట మరియొక పొరపాటు. శిశువుల పాలడబ్బాల ప్రకటనలను భారత ప్రభుత్వము 1992 నాటి చట్టముచే నిషేధించుట ఊరకయే గాదు. ఆరు మాసములు నిండువరకు తల్లిపాలే చాలును. నీరు, తేనె, ఆముదము, బిస్కత్తు ముద్ద ఏదియు వలదు.

ఉగ్గుగిన్నెలో వసకొమ్ము అరగదీసి నాకించిన మాటలు త్వరగా వచ్చునని వాడుక. శాస్త్రమందలి విడ్డూరము చూడుడు. భావప్రకాశ నిఘంటువు వసను వాంతి కలిగించు ద్రవ్యములలో చెప్పినది. కక్కు బిడ్డకు కక్కించు మందు పోయుట ఏ శాస్త్రము? గ్రైపువాటరును 1851లో ఇంగ్లండున నాటింగ్‌హాము పట్టణమందు విలియం ఉడ్‌వర్డు తయారుచేసెను. మొదట నందు మద్యసారమును ఉండెడిది. నేడు ఆ సారము లేకుండ చేయుచున్నను, పాలు కక్కుట దానివలన మానునని రుజువు లేదు. కడుపుపై వాతలు పెట్టుట మాత్రము చికిత్స కాదు, పాపము.

ఆమ్లమును తగ్గించు నేటి మందులును అందరు బిడ్డలకు అక్కరలేదు. 2009లో ప్రకటింపబడిన పరీక్షలో 162 మంది శిశువులను రెండు సమభాగములు చేసి, ఒక భాగమునకు లాన్సొప్రజోలు అను మందును, మరియొక భాగమునకు మందు లేని ఉత్త ద్రావణమును ఇచ్చిరి. ఉభయ పక్షములందును నూటికి 54 మందికి ఏడ్పు తగ్గినది. తీవ్రమైన ఉపద్రవములు మాత్రము మందు త్రాగిన పక్షమున హెచ్చు. అన్నవాహిక ఒరసిపోయి బాధపడు బిడ్డకు వైద్యుడు ఆ మందు వ్రాసిన వాడవలెను. పొరుగువారి సీసా తెచ్చి పోయరాదు.

ఇంతవరకు ధైర్యము చెప్పుటయైనది. ఇక జాగ్రత్త చెప్పవలెను. ప్రక్కప్రక్క యిండ్లలో ఇద్దరు బిడ్డలున్నారనుకొనుడు. మూడు మాసముల ఆడబిడ్డ దినమునకు ఆరుసార్లు కక్కును, నవ్వును, బరువు పెరుగును. రెండవయింట మగబిడ్డ మూడు వారములు బాగుగనే యుండి, నాలుగవ వారమునుండి పాలు త్రాగిన ప్రతిసారియు మూరెడు దూరము పడునట్లు వాంతి చేసికొనును. వెంటనే మరల పాలకై ఏడ్చును. తడిగుడ్డలు తగ్గును, బుగ్గలు జారును. ఆ యింటివారు ప్రక్కయింటి బిడ్డ కక్కుట లేదా, వీనికిని తగ్గునులెమ్మందురు. ఆ పోలికయే ప్రాణాపాయము. ఈ మగబిడ్డకు కడుపు క్రింది ద్వారమున కండరము దళసరియై దారి మూసికొనిపోవుచున్నది. ఇది మూడు మొదలు ఆరు వారముల వయసున తరచు బయటపడును. ఆడబిడ్డలకంటె మగబిడ్డలలో సుమారు నాలుగురెట్లు హెచ్చు. జర్మను శస్త్రవైద్యుడు రాంస్టెట్టు 1912లో ప్రకటించిన చిన్న శస్త్రచికిత్సతో అది నయమగుచున్నది. బిడ్డ ఎండిపోకముందే ఆసుపత్రి చేరవలెను, అంతే. ఇద్దరు బిడ్డల ఖర్చుపద్దు ఒక్కతీరుగనే కనబడవచ్చును. భేదము తెలిపినది నిలువయే.

మరియొక గుర్తు రంగు. కక్కినది పాలవలె, పెరుగు విరుగుడువలె తెల్లగ నుండిన కొంత నయము. ఆకుపసరువలె పచ్చగ నుండినచో ప్రేగులకు మెలిక పడి యుండవచ్చును. అప్పుడు తెల్లవారనిమ్మనుటకు వీలులేదు. గడియలలో ప్రేగు చెడును. నెత్తురు కనబడినను, కడుపు ఉబ్బి గట్టిపడినను, జ్వరము వచ్చినను, మాడు ఉబ్బినను, బిడ్డ పాలు మాని మగతగ నున్నను, పెదవులు నీలమైనను, గుడ్డలు తడుపుట తగ్గినను వెంటనే వైద్యుని చేరవలెను. ఆరు మాసములు దాటిన పిమ్మట క్రొత్తగ మొదలైన కక్కును, ఏడాది దాటినను మానని కక్కును, బరువు పెరుగని బిడ్డ కక్కును వైద్యునికి చూపవలసినవే. 2005 నుండి నడచుచున్న 108 బండి పిలిచిన గడపలోనికి వచ్చును. పోవునప్పుడు బిడ్డ కక్కిన గుడ్డను వెంట గొనిపోవలెను. తల్లి నోటి మాటకంటె ఆ గుడ్డ రంగు వైద్యునికి ఎక్కువ చెప్పును.

కశ్యపసంహితలో వేదనాధ్యాయమని ఒక అధ్యాయము కలదు. మాటరాని శిశువు బాధను వాని చేష్టలనుబట్టి గ్రహించు విధము అందు చెప్పబడినది. బిడ్డ చెప్పలేడు, చూచువారే చదువవలెను. అక్షరములు చదువుటకంటె అది కష్టమైన చదువు.

ఈ సీమ చదువును ప్రేమించిన సీమ. వేటపాలెమున సారస్వత నికేతనము 1918లో వెలసినది. 1929లో దాని భవనమునకు గాంధీమహాత్ముడు శంకుస్థాపన చేసెను. ఈ గ్రామ గ్రంథాలయమును ఆ సంప్రదాయమున పుట్టినదే. అయినను సాయంకాలము ఈ అరుగుపై పత్రికలు చదువువారు పురుషులే. బిడ్డను భుజముపై వేసికొని రాత్రులు మేల్కొనునది స్త్రీలు. చదువు ఒకచోట, దాని యక్కర మరియొకచోట ఉండిపోవుచున్నవి. రజతోత్సవ కార్యవర్గమువారు ఒక చిన్న పని చేయుదురుగాక. పైన చెప్పిన అపాయపు గుర్తులను పెద్దయక్షరములతో ఒక అట్టపై వ్రాయించి గ్రంథాలయ ద్వారమున వ్రేలాడదీయవలెను. చదివిన ప్రతి పురుషుడు ఇంటికి పోయి ఒక్కసారి దానిని భార్యకు, తల్లికి వినిపింపవలెను.

తెల్లని కక్కునకు ఓర్పు, పచ్చని వాంతికి పరుగు, ప్రతి నెలకు ఒకసారి త్రాసు. ఈ మూడు మాటలు ఇంటింట నిలిచినచో, బిడ్డ కక్కిన మరక తల్లి చీరమీదనే యుండును గాని ఆమె మనసుమీద నుండదు.